ఎకరంలో ఇరవై పంటలు

హైదరాబాద్ పాతబస్తీ వంటిళ్లకు నువ్వులు, కందులు, పుంటికూర కావాలి. వీటిని ఒకే చెలకలో పండించే సేద్యం జహీరాబాద్ పల్లెల్లో ఇంకా బతికే ఉంది.

చార్మినార్ చుట్టుపక్కల హోటళ్లలో పొద్దున్నే కిచిడీ, ఖట్టా, కీమాకు గిరాకీ ఎక్కువ. ఆ ఖట్టాకు నువ్వులు, చింతపండు కావాలి. బిర్యానీ పక్కన వడ్డించే మిర్చీకా సాలన్‌లో నువ్వులకు పల్లీలు తోడవుతాయి. ఇన్ని దినుసులు తినే నగరానికి చుట్టూ ఉన్న జిల్లాల్లో మాత్రం ఎటు చూసినా పత్తి, లేదంటే వరి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ది వేరే దారి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఇక్కడి మహిళా సంఘాలు పాత పంటలను కాపాడుకుంటూ వచ్చాయి. సభ్యుల్లో ఎక్కువ మంది చిన్న కమతాలున్న దళిత మహిళలే. 2019లో ఈ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

సాలు సాలుకూ ఓ లెక్క

వానాకాలం చెలకలో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, నువ్వులు, పుంటికూర కలిసి మొలుస్తాయి. జొన్న వేళ్లు పైమట్టిలో అల్లుకుంటే, కంది తల్లివేరు లోతుకు దిగి అడుగు తడిని అందుకుంటుంది. పప్పుజాతి వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తాయి. కంది రాల్చిన ఆకు ఎరువవుతుంది. ఒక పంటనే తినే పురుగుకు పక్క సాలులో మేత దొరకదు. పెసర ముందు ఇంటికొస్తుంది, ఆ తర్వాత జొన్న, చివరికి కంది. వాన ముఖం చాటేసి ఒకటి పోయినా, గింజలకు షావుకారు గడప తొక్కే అవసరం తగ్గుతుంది.

విత్తనం ఆడవాళ్ల చేతిలో

పేడ, మట్టి అలికిన వెదురు బుట్టలో బూడిద, వేపాకు కలిపి విత్తనాలు పోసి మూతికి మట్టి మెత్తుతారు. విత్తన కొట్టుకు పరుగెత్తే పని లేదు. ఏది విత్తాలో, ఎంత దాచాలో ఇంటి ఆడమనిషే తేలుస్తుంది. ఆ మాట చెల్లుబాటు కావడం ఊళ్లో ఆమె గౌరవాన్నీ పెంచింది.

చిక్కు కూలి, అమ్మకాల దగ్గరే. కలుపుతీతకు, కోతకు కూలి ఎక్కువ. పది రకాలు తలా ఒక బస్తా పండితే కొనేవాడు దొరకడు. సర్కారు కొనుగోళ్లు ప్రధానంగా వరి, పత్తి చుట్టూనే తిరుగుతాయి. అయినా 1990లలోనే ఈ సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు అందించి చూపాయి. పల్లెలో ఆడవాళ్లు చేసిన ఆ పనిని నగరంలోని రేషన్ దుకాణాలు, హాస్టళ్లు, అంగన్‌వాడీలు అందుకోవాలి. చిన్న రైతు పండించే పది రకాలకూ ఖాయమైన గిరాకీ ఉన్న రోజున, పత్తి వదలమని ఎవరూ చెప్పనక్కర్లేదు.