మక్కచేనులో పంది, యూట్యూబ్‌లో కార్బైన్

సంక్రాంతి సెలవులకు భీమ్‌గల్ వెళ్తే, బ్యాగు దించకముందే మా తమ్ముడు ఫోన్ తెచ్చి మొహం ముందు పెట్టిండు. వీడియోలో ఒక అమెరికా ఆయన పొట్టి నల్ల తుపాకీ పట్టుకొని పరిగెత్తుతూ, ఇనుప పలకలను టకటకా పడగొడుతున్నాడు. తుపాకీ మీద చిన్న అద్దం, అందులో ఎర్ర చుక్క.

"అన్నా, దీన్ని పీసీసీ అంటరట. పోటీలకు పనికొస్తది, ఇంటి కాపలాకూ పనికొస్తది. నువ్వు మెకానికల్ గదా, ఏది తీసుకోవాల్నో చెప్పు."

నవ్వి వదిలేసేవాణ్నే. కానీ వాడు ఊరికే అడగలేదు. వానాకాలంలో పసుపు మధ్య అంతరపంటగా వేసిన మక్క కోసం అడవి పందులు వచ్చి మడులన్నీ తవ్విపోసినయి. ఇంకో రెండు నెలలైతే పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్‌కు తీసుకుపోతాం. అమ్మిన డబ్బు ఒకట్రెండు రోజులు ఇంట్లోనే ఉంటుంది. పోయినేడు సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధిలో ఒకరింటి తాళం పగిలింది. అప్పట్నుంచి బాపు మంచం పక్కన గొడ్డలి పెట్టుకొని పండుతున్నాడు. వాడి ప్రశ్నకు నిజమైన జవాబే చెప్పాలనిపించింది. ఆ జవాబే ఈ వ్యాసం.

ముందు ఆ వస్తువు సంగతి. పీసీసీ అంటే పిస్టల్ క్యాలిబర్ కార్బైన్. తూటా పిస్టల్‌దే, ఎక్కువగా 9 ఎంఎం. తుపాకీ మాత్రం భుజానికి ఆనించి కాల్చేది. పిస్టల్‌ను రెండు చేతులే పట్టుకుంటాయి. దీన్ని భుజం, చెంప కూడా పట్టుకుంటాయి. తుపాకీ బరువెక్కువ, తూటా బలం అంతే, కాబట్టి వెనక్కి తన్నడం తగ్గుతుంది. కొత్తవాడికి కూడా గురి త్వరగా కుదిరేది అందుకే. అమెరికాలో యూఎస్‌పీఎస్‌ఏ అనే ప్రాక్టికల్ షూటింగ్ సంస్థ 2016లో దీనికి ప్రత్యేక విభాగం పెట్టింది.

గొట్టం పొడవైతే తూటా వేగం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. పెరుగుతుంది గానీ కొంతే. 9 ఎంఎం తూటాలో మందు కొంచెమే, అది కూడా పొట్టి గొట్టం కోసం చేసింది. కాసేపటికి గ్యాస్ తోపు అయిపోతుంది, మిగతా గొట్టం దాదాపు అలంకారమే. మరి అక్కడి కార్బైన్లకు చాలావాటికి 16 అంగుళాల గొట్టం ఎందుకు? దానికి ఫిజిక్స్ కాదు, 1934 నాటి వాళ్ల నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కారణం. అంతకంటే పొట్టిదైతే వేరే రిజిస్ట్రేషన్, వేరే తలనొప్పి.

లోపలి మెకానిజం మన డైనమిక్స్ పేపర్‌లో ఇవ్వదగ్గ లెక్క. చాలా కార్బైన్లలో బోల్ట్‌కు గడియ ఉండదు. దాని బరువూ, వెనకున్న స్ప్రింగూ మాత్రమే దాన్ని ఆపుతాయి. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. 8 గ్రాముల తూటా సెకనుకు 360 మీటర్లతో ముందుకు పోతే దాని మొమెంటమ్ సుమారు 2.9. బోల్ట్ అంతే మొమెంటమ్‌తో వెనక్కి రావాలి. బోల్ట్ బరువు 700 గ్రాములనుకుంటే వేగం సెకనుకు 4 మీటర్ల పైమాటే. అది వెనక గోడకు కొట్టుకున్నప్పుడే భుజానికి దెబ్బ తెలిసేది. అందుకే ఆ పోటీల వాళ్లు తుపాకీ కొన్న మర్నాటి నుంచే బఫర్ బరువులు, స్ప్రింగులు మార్చుకుంటూ కూర్చుంటారు. పోటీ రూలు కూడా మొమెంటమ్ మీదే నడుస్తుంది. తూటా బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకొని గుణించి వెయ్యితో భాగిస్తే కనీసం 125 రావాలి. 115 గ్రెయిన్ల తూటా 1100 అడుగుల వేగంతో పోతే 126.5 వస్తుంది, పాస్.

ఎర్ర చుక్కలోనూ ఒక మెలిక ఉంది. ఆ అద్దం గొట్టానికి రెండున్నర అంగుళాల ఎత్తులో కూర్చుంటుంది. 25 మీటర్లకు గురి సరిచేస్తే, 5 మీటర్ల దూరంలో తూటా చుక్క కంటే రెండు అంగుళాలు కిందికి తగులుతుంది. దగ్గర్లో తప్పదనుకున్నవాడే తప్పేది ఇక్కడ.

ఇంతవరకు విని మా వాడి కళ్లు మెరిసినయి. "మరి ఎంత పడ్తది?"

ఇప్పుడు మన దేశం సంగతి. ఈ జాతి తుపాకీని మనం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం. నాయకుల వెనక నిలబడే పోలీసుల భుజానికి, పక్కకు వంపు తిరిగిన మ్యాగజైన్‌తో వేలాడే ఆ 9 ఎంఎం కార్బైన్ గుర్తుందా? అది జార్జ్ ప్యాచెట్ అనే బ్రిటిష్ ఇంజినీరు డిజైన్ చేసిన స్టెర్లింగ్. కాన్పూర్‌లో తయారైంది. మ్యాగజైన్‌లో 34 తూటాలు పడతాయి. అందులో ట్రిగ్గర్ నొక్కాకే బోల్ట్ మొత్తం ముందుకు దూకి తూటాను పేలుస్తుంది. అంత బరువు కదిలితే గురి చెదరకుండా ఉండదు. పోటీ కార్బైన్‌లో బోల్ట్ ముందే మూసుకొని ఉంటుంది, లోపల చిన్న సుత్తి మాత్రమే కదులుతుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా పుట్టుక వేరు.

ఇక అసలు మాట. 9 ఎంఎం మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, అంటే సైన్యానికి, పోలీసులకు మాత్రమే. మామూలు పౌరుడికి దానికి లైసెన్సు రాదు. ఎవడో దొంగచాటుగా ఇప్పిస్తానన్నాడని పోతే, ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం నిషేధిత ఆయుధం దగ్గరుంచుకున్నందుకు 7 నుంచి 14 ఏళ్ల జైలు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టే పోటీల్లో పీసీసీ విభాగమే లేదు. కాబట్టి ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క: ఏదీ లేదు.

ఇంటి కాపలాకు వేరే తుపాకీ అంటారా? .32 రివాల్వర్‌కో 12 బోర్‌కో లైసెన్సు అడగొచ్చు. ఫారం ఏ-1 నింపి, ప్రాణభయం ఉందని చూపించి, ఆయుధం వాడటంలో శిక్షణ పొందిన సర్టిఫికెట్ పెట్టాలి. వయసు 21 నిండాలి, మా వాడికి 17. చట్టంలో ఆత్మరక్షణ హక్కు ఉంది, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ దాని గురించే. కానీ అవసరానికి మించి హాని చేస్తే ఆ హక్కు కాపాడదు. దొంగ పారిపోతుంటే వెనక నుంచి కాల్చినవాడు కోర్టులో ఏం చెప్తాడు? పైగా మా ఇంట్లో ముందు రూంకు వెనక రూంకు మధ్య ఉన్నది చెక్క తలుపు. దాని వెనక నానమ్మ పడుకుంటది. బాపుకు ఇది చెప్పినప్పుడు ఆయన గొడ్డలి వంక చూసి ఏమీ అనలేదు.

పందుల విషయానికి వస్తే, "ఎయిర్‌గన్‌తో కొడదాం" అనేవాళ్లు ఊళ్లో ఇద్దరు ముగ్గురున్నారు. లెక్క చూడండి. 9 ఎంఎం తూటా శక్తి 500 జూల్స్ చుట్టూ ఉంటుంది. పోటీ ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌ది 8. అది పందికి గాయం చేసి, కోపం తెప్పిస్తుంది, అంతే. ఏ తుపాకీతోనైనా సరే, అనుమతి లేకుండా కొడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. చేనుకు కరెంటు తీగ చుట్టడం ఇంకా ఘోరం. మన జిల్లాల్లో ఆ తీగలకు పందుల కంటే ముందు మనుషులు తగిలిన రాత్రులున్నయి.

మరి వాడి చేతికి ఏమీ రాదా? వస్తుంది. 0.177 బోర్, 20 జూల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది.

ఇక్కడ పరుగుల్లేవు, ఇనుప పలకల్లేవు. 75 నిమిషాల్లో 60 షాట్లు, నిలబడి. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్ అంచు దాన్ని తాకితే పది వచ్చినట్టే, కాబట్టి పెల్లెట్ కేంద్రం 2.5 మిల్లీమీటర్ల లోపు పడాలి. రెండు సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైటు 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చాలు, పది పోతుంది. సెకనుకు 175 మీటర్లతో పోయే పెల్లెట్ పది మీటర్లు దాటేలోపు 16 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. ఆ జారుడును వెనక సైటుతో ఒక్కసారి సరిచేస్తే చాలు, దూరం మారదు కదా.

కొనే ముందు రేంజ్‌లో అద్దెకు కాల్చి చూడాలి. విదేశీ మ్యాచ్ రైఫిల్ ధర రెండు లక్షలు దాటుతుంది, మా ఇంట్లో అది పసుపు లెక్కలో చెప్పాల్సిన మొత్తం. సెకండ్ హ్యాండ్ అయితే ముందు గాలి సిలిండర్ మీద తేదీ చూడండి. 200 బార్ ఒత్తిడి పట్టే ఆ సిలిండర్ గడువు పదేళ్లు, అది దాటితే పోటీలో ఒప్పుకోరు. రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు. సన్నగా ఉన్న పిల్లలకు తేలికదే మేలు.

సెట్టింగ్‌లో మొదలుపెట్టాల్సింది సైటు దగ్గర కాదు, చెంప దగ్గర. కళ్లు మూసుకొని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవాలి. మెడ వంచకుండానే సైటు కనిపించాలి. కనిపించకపోతే చెంప పలక ఎత్తు, బట్ ప్లేట్ పొడవు మార్చాలి. మనిషి రైఫిల్‌కు కుదురుకుంటే పదో షాట్‌కల్లా మెడ నొప్పి. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద కూర్చోవాలి. బరువును కండరం మోస్తే వణుకుతుంది, ఎముక మోస్తే వణకదు. తర్వాత మళ్లీ కళ్లు మూసి, రెండు ఊపిర్లు తీసి తెరవాలి. సైటు టార్గెట్‌కు కుడివైపు పోయి ఉంటే చేత్తో లాగొద్దు, పాదాలు జరపాలి. ఇది తెలియక చాలామంది సైటు స్క్రూలు తిప్పుతూ నెలలు పోగొడతారు.

పెల్లెట్లు కూడా ఒకేలా ఉండవు. తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద ఉంటుంది. రైఫిల్‌ను వైస్‌లో బిగించి ఒక్కో రకం పదేసి కాల్చి, ఏది చిన్న గుంపుగా పడితే అది తీసుకోవాలి. మన వర్క్‌షాప్ ల్యాబ్‌లో టాలరెన్స్ అంటే ఏంటో ఆరు నెలలు చెప్పినా ఎక్కనిది అక్కడ ఒక్క కాగితం చూస్తే ఎక్కుతుంది.

మా వాడికి హైదరాబాద్ దూరం. ఇంటర్ అయ్యాక ఎన్‌సీసీ ఉన్న కాలేజీ చూసుకొమ్మన్నాను, అక్కడ .22 రైఫిల్‌తో ఫైరింగ్ నేర్పిస్తారు. అప్పటిదాకా రెండు కిలోల పసుపు సంచి కట్టిన కర్రను భుజానికెత్తి, గోడ మీద పెన్నుతో పెట్టిన చుక్క వైపు రోజూ పది నిమిషాలు నిలబడుతున్నాడు. మొదటి రోజు నిమిషంన్నరకే దించేసిండు. నిన్న ఫోన్ చేసి ఏడు నిమిషాలైందన్నాడు.

బాపు ఈసారి పసుపు డబ్బు బ్యాంకులో వేయించుకుంటానన్నాడు, వెనక తలుపుకు ఇనుప గడియ పెట్టించిండు. గొడ్డలి మాత్రం ఇంకా మంచం పక్కనే ఉందట.