చెన్నూరులో ఒక రాత్రి ఉండాలంటే

తూర్పు దిక్కుగా సాగే గోదావరి చెన్నూరు దగ్గర ఉత్తరానికి మళ్లుతుంది. అయిదు క్రోశాల మేర అలాగే పారుతుందని ఈ చోటిని పంచక్రోశ ఉత్తరవాహిని అంటారు. కాశీలో గంగ నడకా ఉత్తరానికే కాబట్టి, ఇక్కడ మునిగితే అక్కడ మునిగినంత పుణ్యమని ఈ ప్రాంతపు నమ్మకం. ఊళ్లో అగస్త్యేశ్వరాలయం ఉంది. అందులోని అఖండజ్యోతి నాలుగు వందల ఏళ్లకు పైగా కొండెక్కలేదని చెబుతారు.

ఇంతా ఉండి, స్నానానికి వచ్చినవాళ్లు పొద్దుగూకక ముందే మంచిర్యాల బస్సెక్కుతారు. రైలూ అక్కడే, లాడ్జీలూ అక్కడే. జైపూర్ థర్మల్ కేంద్రానికో, సింగరేణి గనులకో పనిమీద వచ్చేవాళ్లకు ఆ గదులు చాలు. ఊరు చూడాలని వచ్చేవాళ్లకు చాలవు. తెల్లవారకముందు నది ఒడ్డున ఉండాలనుకునే మనిషికి నలభై కిలోమీటర్ల అవతల మంచం దొరికి ఏం లాభం?

చెన్నూరుకు కావలసింది అయిదారు గదుల హోటల్. అదీ ఊరి నడిబొడ్డున, గుడికి నడిచి వెళ్లేంత దూరంలో. కొత్తగా కట్టక్కర్లేదు. మన పాత పట్టణాల్లో ఉన్నట్టే ఇక్కడా నడుమ వాకిలి, చుట్టూ అర్రలు, పైన గూనపెంకులతో భవంతి ఇండ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి చాలు. 1984లో న్యూయార్క్‌లో మోర్గాన్స్ హోటల్ తెరిచాక ఇలాంటి చిన్న హోటళ్లు ప్రపంచమంతా ఫ్యాషనయ్యాయి. మనకు దగ్గరి పాఠం మాత్రం పుదుచ్చేరిది. అక్కడి తమిళపేటలో పెరుమాళ్ కోవెల వీధిలోని పాత ఇంటిని పది గదుల మేజోన్ పెరుమాళ్‌గా మార్చారు. స్తంభాలు, నడవా, నడుమ వాకిలి అలాగే ఉంచారు. కేంద్ర పర్యాటక శాఖ లెక్కలోనూ హెరిటేజ్ హోటల్ అనిపించుకోవడానికి కోటే అక్కర్లేదు. 1950కి ముందు కట్టిన ఇల్లు, కనీసం అయిదు గదులు ఉంటే అడగొచ్చు. మన దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. కోటలను, గడీలను చూసుకునే తీరు మనకు తెలియనిది కాదు. తెలియనిది మామూలు ఇంటి విలువే.

అతిథులు ఎవరంటారా? కాళేశ్వరం వెళ్లేవాళ్లు, ప్రాణహిత దాటి సిరొంచ పోయేవాళ్లు, కోటపల్లి అడవుల్లో కృష్ణజింకల కోసం వచ్చేవాళ్లు. కర్టెన్లకు, దుప్పట్లకు బయటి బట్ట ఎందుకు, ఈ అడవుల్లోనే దసలి పట్టు కాయలు దొరుకుతుంటే! తిండికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, గోదావరి చేప. మెనూలో పాస్తా పెడితే నేను మాత్రం రాను.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజుల జనానికి గుడారాలు, మరుగుదొడ్లు, ఘాట్లు కావాలి. ఈ హడావుడిలో పాత ఇండ్లు కూలి మూడంతస్తుల లాడ్జీలు లేస్తాయేమోనన్నదే నా భయం. పాత ఊరిని వదిలి ఒడ్డున కడదామన్నా జాగ్రత్తే. అన్నారం బ్యారేజీ వెనక నీళ్లు ఈ వైపు చేలను ముంచిన సంగతి రైతులనడిగితే చెబుతారు.

అసలు చిక్కు డబ్బు కాదు, పాత ఇంటి వారసుల సంతకాలు. అన్నదమ్ముల్లో ఒకరు కరీంనగర్‌లో, ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు డాలస్‌లో ఉంటారు. ఇంటికన్నా జాగాకే ధర ఎక్కువ గనుక అమ్మేద్దామనే మాటే ముందొస్తుంది. అమ్మకుండా పదిహేనేళ్లకు లీజుకిస్తే ఇల్లు మిగులుతుంది, కిరాయీ వస్తుంది. పైకప్పు మరమ్మతు ఎవరిదో, కరెంటు బిల్లు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి. బతుకమ్మకు అందరూ ఊరికి చేరతారు కదా, ఆ మాట ఎత్తేందుకు అదే అదను.