అత్తయ్యగారి కోసం ఇంట్లో చిన్న మార్పులు

మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. పోయిన సంక్రాంతికి బాత్‌రూమ్‌లో కాలు జారి పడ్డారు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. అప్పట్నుంచీ ఆవిణ్ణి ఏ పనీ చేయనివ్వలేదు నేను. "నా కాఫీ కూడా నన్ను కలుపుకోనివ్వవా?" అని ఓరోజు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిణ్ణి కూర్చోబెట్టే బదులు ఇంటినే సరిచేద్దామనిపించింది.

బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన, స్నానం చేసేచోట పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు పెట్టించాం, నేల నుంచి సుమారు 34 అంగుళాల ఎత్తులో. టవల్ రాడ్ ఇందుకు పనికిరాదు, మనిషి బరువుకి ఊడొస్తుంది. పాచి పట్టకుండా వారం వారం రుద్దుతున్నాను. బయట్నుంచి కూడా తెరవగలిగే తాళం తలుపుకి వేయించాం.

కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనేలా మంచం ఎత్తు సరిచేయించాం. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. దారిలో కాలికి తగిలే పట్టాలు, వైర్లు తీసేశాను. లోపలి గడపలకి కంటికి ఆనేలా తెల్లరంగు వేయించాం. వంటింట్లో కాఫీపొడి, పంచదార డబ్బాలు నడుమెత్తు అరలోకి దించాను. స్టూలెక్కే పనిలేదు.

ఇప్పుడు పొద్దున్నే తన కాఫీ తనే కలుపుకుంటున్నారు. నాక్కూడా ఓ గ్లాసు!

మీరూ మార్పులు చేసేముందు పెద్దవాళ్లనే అడగండి. చేతికి ఆసరా ఎక్కడ కావాలో వాళ్లకే బాగా తెలుసు.