డాక్టర్ ఎందుకవుతావు? అడగాల్సింది ఇంట్లోనే!

పదో తరగతిలో మంచి మార్కులొస్తే చాలు... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చుట్టాలందరిదీ ఒకటే సలహా. ‘బైపీసీలో చేర్పించండి, డాక్టరవుతుంది’. మరి మెడికల్ కాలేజీలు ఏం చూసి సీటిస్తాయి?

ముందుగా నీట్ ర్యాంకు. 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివే. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. అర్హతకు జనరల్ విభాగంలో 50 పర్సంటైల్ రావాలి. అంటే 50 శాతం మార్కులని కాదు, పరీక్ష రాసినవాళ్లలో సగం మందిని దాటాలని! అది గట్టెక్కినా సీటు తేల్చేది ర్యాంకే. ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో ఉత్తీర్ణత, డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు ఉండాలి.

తర్వాత స్థానికత. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారన్నది ప్రధానంగా చూస్తారు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు సరిహద్దు దాటి ఒడిశాలో చదివించేవాళ్లు, హైదరాబాద్ పంపేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. స్టడీ సర్టిఫికెట్లు భద్రం!

దూరం వెళ్లక్కర్లేకుండా శ్రీకాకుళంలో ప్రభుత్వ కాలేజీ, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. 2023లో విజయనగరంలోనూ ప్రభుత్వ కాలేజీ మొదలైంది.

ఇంతవరకూ ‘నువ్వు డాక్టరెందుకవ్వాలి?’ అని ఎవరైనా అడిగారా? లేదు. బ్రిటన్, అమెరికాల్లో మార్కులతోపాటు ఇంటర్వ్యూ ఉంటుంది. రోగులకు సేవ చేసిన అనుభవమూ అడుగుతారు. వెల్లూరు సీఎంసీ కూడా ఒకప్పుడు రోజుల తరబడి అభ్యర్థులను పరీక్షించేది. నీట్ అందరికీ తప్పనిసరేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సిఫార్సులకు తావు లేకపోవడం మంచిదే. కానీ ఆ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

అది మనకు చిన్న ప్రశ్న కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో కచ్చితంగా ఇంకా తేలలేదు. అక్కడ జీడితోటలో కూలికెళ్లే మనిషి మాట ఓపిగ్గా వినే వైద్యుడు కావాలి. ఎంబీబీఎస్‌లోనూ మొదటి ఏడాది నుంచే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూడాల్సిందే.

అందుకే కోచింగ్ ఫీజు కట్టేముందు ఓ పని చేయండి. అమ్మాయినో అబ్బాయినో ప్రభుత్వాసుపత్రి ఓపీ దగ్గరికి ఓ పూట తీసుకెళ్లండి. వరుసలో దగ్గుతున్న తాతను చూసి మొహం తిప్పుకొన్నారా, ‘ఆయనకేమైంది?’ అని అడిగారా... గమనించండి. ఏ ర్యాంకు కార్డూ చెప్పని సంగతి అది.