కారు కొనబోవువారికి

అంబాసిడరా, ఫియట్టా యను ప్రశ్న తప్ప కారు కొనువానికి వేరు ప్రశ్న యుండని కాలము మన దేశమున కొన్ని దశాబ్దముల పాటు సాగినది. పైకము కట్టి పేరు నమోదు చేయించుకొని, ఏండ్ల తరబడి వేచియుండి, తుదకు వంతు వచ్చిననాడు దొరికిన రంగునే మహాప్రసాదముగా స్వీకరించిన ఆ తరమువారికి కారు దొరకుటయే సమస్య గాని ఎన్నుకొనుట సమస్య కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 వీథిలోనికి వచ్చినది మొదలు ఆ స్థితి క్రమక్రమముగా మారి, నేడు ఒక్కొక్క కంపెనీ ఒక్క కారునే పది పండ్రెండు వేరియంట్లుగా విడదీసి, ఏ వేరియంటులో ఏది కలదో ఏది లేదో తెలుపు పట్టికను చిన్న అక్షరములతో అచ్చువేసి చేతికిచ్చుచున్నది. ఆ పట్టికను ఆమూలాగ్రము చదువువారు అరుదు. షోరూములో అడుగిడినవారికి మొదట చూపబడునవి పెద్ద టచ్‌స్క్రీను, కప్పులోని అద్దపు కిటికీ, రంగురంగుల దీపములు, చల్లగాలి వీచు సీట్లు. ఇవి చెడ్డవని కాదు. మే నెలలో విజయవాడ ఎండలో నిలిపిన కారు నెక్కినవారికి చల్లని సీటు విలువను ఒకరు చెప్పనక్కరలేదు. కాని పదియేండ్లు మనలను మోయబోవు వాహనములో అన్నింటికంటె విలువైన భాగములు కంటికి కనబడని చోట్ల నుండుటయు, వాటిని చూపుటకు అమ్మకందారుకు వీలు గాని ఉత్సాహము గాని లేకపోవుటయు కొనువారు గుర్తింపవలసిన మొదటి సంగతి.

రూపురేఖలు చూచుటకు ముందు, ఆ కారు తన దినములను ఎచ్చట గడపబోవుచున్నదో నిశ్చయించుకొనుట మేలు. ప్రతిదినము కూకట్‌పల్లి నుండి హైటెక్ సిటీకి ప్రాకుచు పోవలసిన కారు వేరు. నెలనెలా కుటుంబముతో తిరుపతికో శ్రీశైలమునకో పోవు కారు వేరు. గుంటలు పడిన పంచాయతీ రోడ్లపై తిరుగవలసిన కారు ఇంకను వేరు. డీజిలు బండికి మైలేజీ ఎక్కువ, కావున అదియే లాభమను పూర్వపు లెక్క ఇప్పుడు అందరికిని సరిపోదు. 2020 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన బీఎస్-6 కాలుష్య నియమముల మూలమున డీజిలు కారు పొగగొట్టములో డీపీఎఫ్ అను ఒక వడపోత సాధనము వచ్చి చేరినది. అందులో మసి పేరుకొనుచుండును. తగినంత పేరుకొనగనే ఇంజను కొంత ఇంధనమును అధికముగా పంపి ఆ వేడిమితో మసిని కాల్చివేయును. ఇట్లు కాలుటకు కారు కొంతసేపు ఎడతెగక మంచి వేగముతో నడువవలెను. పిల్లలను బడిలో దించి, రైతుబజారునకు పోయి ఇల్లు చేరుటతోనే దినచర్య ముగించు కారులో ఆ వేడిమి పుట్టు అవకాశమే తక్కువ. మసి గడ్డకట్టి, డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపము వెలిగి, సర్వీసు కేంద్రమునకు పరుగులిడవలసివచ్చును. హైవేపై తిరుగువారికి డీజిలు ఇప్పటికిని ఉత్తమమైనదే; ఊరి నడుమనే తిరుగువారికి అది కోరి తెచ్చుకొన్న తలనొప్పి.

సీఎన్‌జీ వలన ఖర్చు తగ్గును గాని సిలిండరు వచ్చి డిక్కీలో కూర్చుండును. హైబ్రిడ్ కారు, బ్రేకు వేసినపుడు వృథాయగు శక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచుకొని, ఆగి ఆగి సాగు ట్రాఫిక్‌లో ఇంజనుకు విశ్రాంతి నొసగును గనుక, మామూలు కార్లకు విరుద్ధముగా నగరములోనే ఎక్కువ పొదుపు చూపును. ఇక విద్యుత్ కారు కొనదలచినవారు మొదట విచారింపవలసినది దాని వేగమును గాదు, రాత్రివేళ దానిని ఎచ్చట చార్జి చేయుదుమను విషయమును. నలువది యూనిట్లు పట్టు బ్యాటరీని ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గుతో నింపుటకు ఇంచుమించు పండ్రెండు పదుమూడు గంటలు పట్టును. సొంత ఇల్లున్నవారికి ఇది నిద్రలో జరిగిపోవు పని; అపార్టుమెంటు సెల్లారులో బండి నిలుపువారు మాత్రము తమ మీటరు నుండి అచ్చటికి తీగ లాగుటకు అసోసియేషను అంగీకారమును బుకింగుకు ముందే సంపాదించుకొనవలెను. పన్నుల విషయమున ప్రభుత్వములు ఈ కార్లకు అనుకూలముగనే యున్నవి. జీఎస్టీ 5 శాతము మాత్రమే, తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నును రిజిస్ట్రేషను రుసుమును మినహాయించిరి. ఒక్క చార్జికి ఇన్ని కిలోమీటర్లని కంపెనీ చెప్పు అంకె గాని, లీటరుకు ఇంతయని చెప్పు మైలేజీ గాని ప్రయోగశాలలో రోలర్లపై నడిపి రాబట్టినది. మన రోడ్లపై, మన ఏసీ వాడకముతో అది తగ్గక మానదు.

క్లచ్చు త్రొక్కు బాధ లేని ఆటోమేటిక్ కార్లు ఇప్పుడు మధ్యతరగతికిని అందుబాటులోనికి వచ్చినవి, కాని ఆ ఒక్క పేరుతో అమ్మబడునవి పరస్పరము చాల భేదము గలవి. చవుకైన ఏఎంటీలో ఉన్నది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చే. మన కాలికిని చేతికిని బదులు ఒక యంత్రము వాటిని కదల్చును. అందుచేత గేరు మారునపుడు చిన్న కుదుపు తోచును. ఫ్లైఓవరు ఎక్కుదలలో యాక్సిలరేటరుతోనే బండిని నిలిపియుంచు అలవాటున్నవారి చేతిలో క్లచ్చు త్వరగా అరుగును. సీవీటీ యను మరియొక రకము మృదువుగా సాగును గాని ఒక్కసారిగా వేగము కోరినపుడు ఇంజను మూలుగును. ఏది కొన్నను తిరుమల ఘాట్ వంటి దిగుడు దారిలో బ్రేకును మాత్రమే నమ్ముకొనక గేరును తగ్గించి, ఇంజను పట్టుతో దిగుట నేర్చుకొనవలెను. ఆ ఏర్పాటు లివరుపై ఎచ్చట నున్నదో టెస్ట్ డ్రైవ్‌లోనే అడిగి తెలిసికొనవలెను.

ఎత్తైన కార్ల మోజు మనవారికి కొంతకాలముగా బలముగా పట్టినది. 2019లో పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారము నుండి వెలువడిన మొదటి బండియగు సెల్టోస్ ఎస్‌యూవీయే యగుట ఆ మోజునకు తగినట్టిదే. గుంటల రోడ్లపై గ్రౌండ్ క్లియరెన్సు అక్కరకు వచ్చు మాట నిజము; ఐనను కంపెనీ చెప్పు కొలత సాధారణముగా ఖాళీ బండిది, ఐదుగురు కూర్చుండి డిక్కీ నిండిన తరువాతి కొలత వేరు. ఎత్తు పెరిగిన కొలది గురుత్వకేంద్రము పైకి పోవును, కావున వేగములో మలుపు త్రిప్పునపుడు బండి పట్టు తప్పు ప్రమాదమును పెరుగును. దీనికి ప్రతిక్రియ ఈఎస్‌సీ యను సాధనము. స్టీరింగు ఒక దిక్కు చూపుచుండగా బండి వేరొక దిక్కునకు జారుచున్నదని గ్రహించిన తక్షణము అది అవసరమైన ఒక్క చక్రమునకు మాత్రమే బ్రేకు వేసి బండిని దారికి తెచ్చును. షోరూములో దీనిని చూపుటకు వీలులేదు, ముట్టుకొనుటకు వీలులేదు. ఎత్తైన బండి కొనుచు, సన్‌రూఫు కొరకు పై వేరియంటునకు పోవుదుమా యని తర్జనభర్జన పడు కుటుంబములు ఈ మూడక్షరముల కొరకు పట్టికలో ఒక్కమారు వెదకిన చాలును.

ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లలో తప్పనిసరి యైనది. అదే సంవత్సరము జూలై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగును, తరువాత ముందుసీటులోని రెండవవారి ఎయిర్‌బ్యాగును విధిగా నుండవలసివచ్చినవి. ఏబీఎస్ ఉన్నదని అందరును చెప్పుదురు గాని అది పనిచేయునపుడు ఎట్లుండునో ఎరిగినవారు కొద్దిమంది. బలముగా బ్రేకు త్రొక్కినపుడు చక్రములు బిగుసుకొనిపోయిన యెడల టైర్లు రోడ్డుపై ఈడ్చుకొనిపోవును, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. ప్రతి చక్రము వేగమును కనిపెట్టుచుండు ఏబీఎస్, సెకండుకు పలుమారులు బ్రేకును విడిచి మరల పట్టుచు, చక్రమును తిరుగనిచ్చుచునే వేగమును తగ్గించును. అప్పుడు పాదము క్రింద పెడలు దడదడ కొట్టుకొనును. ఏదో విరిగినదని భయపడి కాలు తీయువారు ఆ సాధనమును తామే నిష్ఫలము చేయుచున్నారు. కాలు తీయక అట్లే నొక్కిపట్టి, అడ్డు వచ్చిన దానిని తప్పించుచు స్టీరింగు త్రిప్పవలెను. ఖాళీ మైదానములో, తెలిసినవారి పక్కన కూర్చుండి, ఈ అనుభవమును ఒక్కసారి పొందుట మంచిది.

ఎయిర్‌బ్యాగు సెకండులో ఇరువదవ వంతు కాలములో ఉబ్బును. అంతటి వేగముతో వచ్చు సంచి ఎదుట సీటుబెల్టు లేక ముందునకు తూలుచున్న దేహమునకు మేలు కంటె కీడే జరుగవచ్చును. ఒడిలో పసిబిడ్డ నుంచుకొని ముందుసీటులో కూర్చుండు మన అలవాటు ఎంత అపాయకరమో దీనినిబట్టి తెలిసికొనవచ్చును. పిల్లలకు వెనుకసీటులో ఐసోఫిక్స్ కొక్కెములకు బిగించు ప్రత్యేకపు సీటే తగినది. పెద్దలును వెనుకసీటు బెల్టును అలంకారముగా భావించుట మానవలెను: 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ సమీపమున వంతెన గోడను ఢీకొన్న కారులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీయు, వెనుకనే కూర్చున్న మరియొకరును మరణించగా, బెల్టు పెట్టుకొన్న ముందువారిద్దరును గాయములతో బ్రతికిరి. భుజము మీదుగా నడుము మీదుగా వచ్చు ఈ మూడు కొసల బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందింపగా, ఆ కంపెనీ దానిని ఇతరులును వాడుకొనుటకు అనుమతించినది. వెనుకసీటు నడుమ కూర్చుండువారికిని అట్టి బెల్టు కలదో లేదో కొనునపుడే చూడుడు.

కారు శరీరబలమును తెలిసికొనుటకు 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు వచ్చినవి. గంటకు 64 కిలోమీటర్ల వేగముతో కారు ముందుభాగపు ఒక ప్రక్కను అడ్డుగోడకు ఢీకొట్టించి, ప్రక్కనుండియు వేరొక దెబ్బ కొట్టించి, లోపలి బొమ్మలకు తగిలిన గాయములను లెక్కించి, పెద్దలకు 32, పిల్లలకు 49 మార్కులపై వేర్వేరుగా నక్షత్రముల నిత్తురు. ఇది కంపెనీలు ఇష్టపూర్వకముగా చేయించుకొను పరీక్ష. చేయించుకొనని కారు బలహీనమని నిశ్చయింపరాదు గాని, ఎందుకు చేయించలేదని అడుగు హక్కు కొనువానికి కలదు. ఈ పరీక్షలో నెగ్గిన కారును కొని తెచ్చిన మరునాడే ముందు ఇనుప బంపరు గార్డు బిగించువారిని చూచినపుడు నాకు విస్మయము కలుగును. దెబ్బ తగిలినపుడు ముందుభాగము నలిగి శక్తిని మ్రింగవలెనని ఇంజనీర్లు శ్రమించి ఏర్పరచగా, ఆ గార్డు దెబ్బను తిన్నగా లోపలికి చేరవేయును, ఎయిర్‌బ్యాగు సెన్సర్లనును తికమక పెట్టును. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులోనే వీనిపై చర్య గైకొనుడని రాష్ట్రములకు వ్రాసినది. సీటులో ప్రక్క ఎయిర్‌బ్యాగు లున్న కారుకు గట్టి సీటు కవర్లు కుట్టించుటయు ఇట్టిదే.

ఏడాస్ అను పేరుతో కెమెరాయు రాడారును మార్గమును చూచు ఏర్పాటు ఇప్పుడు పై వేరియంట్ల ఆకర్షణ. హైదరాబాదు ఔటరు రింగు రోడ్డు వంటి చోట, గీతలు స్పష్టముగా నున్నంతవరకు, ముందు బండికి తగిన ఎడము పాటించుచు సాగు ఆ విధానము నిజముగా సుఖకరము. జిల్లా రోడ్డుపై దిగగానే దాని విద్య సన్నగిల్లును: గీతలు చెరిగిపోయి యుండును, సగము రోడ్డుపై ధాన్యము ఆరబోసియుందురు, వెనుక దీపము లేని ట్రాక్టరు చీకటిలో నడుచుచుండును. ఆటో అకస్మాత్తుగా ముందు దూరినపుడు కారు తనంత తాను గట్టిగా బ్రేకు వేయగా, వెనుక అంటుకొని వచ్చుచున్న లారీకి ఆ తెలివి యుండదు. అత్యవసర బ్రేకు మాత్రము కోరదగినదే. మిగిలినవానిని రోడ్డునుబట్టి ఆపివేయు మీటలు ఎచ్చట నున్నవో నేర్చుకొనుడు. వీని బాధ్యత ఎల్లప్పుడును డ్రైవరుదే యని కంపెనీలే వ్రాసియుంచినవి. మరియొక సంగతి: కెమెరా అమర్చిన ముందు అద్దము పగిలిన యెడల అద్దము ఖరీదుతో తీరదు, కెమెరాను మరల సరిచేయించు ఖర్చును పడును.

ఏసీని సైతము తెరపై వెదకవలసిన కార్ల విషయమున నాకు సదభిప్రాయము లేదు; ఐరోపాలోని యూరో ఎన్‌క్యాప్ సంస్థయే 2026 నుండి హారను, వైపరు వంటి ముఖ్యమైనవానికి చేతికి తగులు మీటలు లేనియెడల మార్కులు తగ్గించుటకు నిర్ణయించినది.

ధర మాట వచ్చినపుడు ఎక్స్‌షోరూమ్ ధరను నమ్మరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలుకు 1200, డీజిలుకు 1500 సీసీ మించని కార్లపై జీఎస్టీ 18 శాతము, పెద్దవానిపై 40 శాతము. ఈ జీఎస్టీ కలిసిన ఎక్స్‌షోరూమ్ ధరపై లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను చేరి ఆన్‌రోడ్ ధర యగును. థర్డ్ పార్టీ బీమా మూడేండ్లకు తప్పనిసరి గాని, బీమాను డీలరు వద్దనే తీసికొనవలెనను నిర్బంధము లేదు. వేరొకచోట కొటేషను తెచ్చి చూపినంతనే డీలరు అంకె దిగుట తరచుగా జరుగును.

టెస్ట్ డ్రైవుకు ఇంటి పెద్దలను వెంట గొనిపోయి, మోకాళ్ల నొప్పులవారు ఎక్కి దిగగలుగుచున్నారో చూచుకొని, బండినిండ మనుషులతో సెల్లారు ర్యాంపు దిగి అడుగు తగులుచున్నదో లేదో పరీక్షించుకొనవలెను. ఆ పిమ్మట డెలివరీ. చాలమంది పూజారిని, నిమ్మకాయలను సిద్ధపరచుకొని పోవుదురు గాని రిజిస్ట్రేషనుకు ముందే బండిని పగటి వెలుగులో చూడవలెనని తలపరు. చాసిస్ నంబరు బిల్లుతో సరిపోవుచున్నదా, ఓడోమీటరు ఎంత చూపుచున్నది, స్టెప్నీ, జాకీ ఉన్నవా యని చూచి, వంగి టైరు ప్రక్కగోడపై నాలుగంకెల గుర్తును వెదకుడు: 3225 అని యున్నచో ఆ టైరు 2025వ సంవత్సరపు 32వ వారములో తయారైనది. ఐదు టైర్ల తేదీలకును పొంతన లేకున్నను, బండి తయారైన నెల గత సంవత్సరమునకు చేరినను, కారణమును వ్రాతమూలకముగా అడుగుడు. డిసెంబరు తగ్గింపులలో కొన్న కారుకు, జనవరిలో చేతికి వచ్చినను, మరల అమ్మునాడు ఒక యేడు పాతదిగనే వెల కట్టుదురు; ఆ తేడా తగ్గింపులో రావలెను. ఈ మాటలన్నియు నంబరు పడకముందు ఆడవలసినవి; పడిన తరువాత బండిని వెనుకకు తీసికొనుటకు డీలరు ఒప్పుకొనడు.