కంప్యూటర్ వైరస్ ఎలా పాకుతుంది? ఎలా దొరుకుతుంది?

2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి ఒక ఈమెయిల్ బయల్దేరింది. పైన ‘ఐ లవ్ యూ’ అని ఉంది. లోపల ప్రేమలేఖ పేరుతో ఒక ఫైలు. చూడ్డానికి మామూలు టెక్స్ట్ ఫైలే. నిజానికి దాని పేరు చివర ‘వీబీఎస్’ అనే తోక ఉంది. అది ప్రోగ్రామని చెప్పే గుర్తు అదే. విండోస్ ఆ తోకను దాచి చూపించేది. తెరవగానే అది ఫొటోల ఫైళ్లను చెరిపేసి, అడ్రస్ బుక్కులో ఉన్నవాళ్లందరికీ తనను తాను పంపుకుంది. తెలిసినవాళ్ల ఉత్తరం కదా, ఎవరు అనుమానిస్తారు?

2017 మేలో వచ్చిన వానాక్రై ఇంకా ప్రమాదకరం. క్లిక్ కూడా అక్కర్లేదు. విండోస్‌లోని ఒక లోపం గుండా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తానే దూకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. (ఇలా తమంతట తాము పాకేవాటిని నిపుణులు వార్మ్‌లంటారు.) బాధ కలిగించే విషయమేమిటంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది!

మరి పట్టుకోవడమెలా? పోలీసుల దగ్గర పాత దొంగల వేలిముద్రలున్నట్టు, యాంటీవైరస్ దగ్గర తెలిసిన వైరస్‌ల కోడ్ ముక్కలుంటాయి. ప్రతి ఫైలునూ వాటితో పోల్చి చూస్తుంది. కొత్త వైరస్ ముద్ర అందులో ఉండదు కాబట్టి ప్రవర్తనను కూడా గమనిస్తుంది. ఏదైనా ప్రోగ్రామ్ ఉన్నట్టుండి వందల ఫైళ్లను మార్చేస్తుంటే అక్కడే ఆపేస్తుంది.

మీ ఇంటి కంప్యూటర్లో అప్‌డేట్లు ఆగిపోయి ఉన్నాయేమో ఈరోజే చూడండి.