నీడలో గరిక ఎందుకు చచ్చిపోతుంది?

వినాయక చవితికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో గరికను కట్టలు కట్టలుగా అమ్ముతారు. ఎండిన బీడులోనూ బతికే ఈ మొండి గడ్డి, పిల్లలు ఆడుకునే మామిడి చెట్టు నీడలో మాత్రం పలచబడి చచ్చిపోతుంది. ఎందుకు?

మొక్కజొన్న, చెరకులాగే గరిక కూడా గట్టి ఎండలో చురుగ్గా ఆహారం తయారుచేసుకునే జాతి. రోజుకు సుమారు 6 గంటల ఎండైనా పడాలి. అలా పడితే, ఎంత తొక్కినా నేలమీద పాకే తీగలూ, నేలలోపలి కాండాలూ మళ్లీ చిగురిస్తాయి. నీడలో ఆ చిగురుకు చాలినంత ఆహారం ఉండదు. పైగా రోజూ తొక్కితే మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి అందదు.

వెడల్పాటి ఆకుల యాక్సోనోపస్ గడ్డి నీడను బాగా ఓర్చుకుంటుంది. తొక్కుడును మాత్రం గరికంతగా తట్టుకోలేదు, నీళ్లూ ఎక్కువ అడుగుతుంది.

అందుకే గడ్డి ఒక్కటే మారిస్తే చాలదు. పెద్దవాళ్లతో చెప్పి కొన్ని కొమ్మలు కొట్టించండి, వెలుగు దిగుతుంది. నడిచే దారిలో షాబాదు బండలు పరిపించండి. మిగతా చోట యాక్సోనోపస్ నాటి, కాస్త పొడవుగానే ఉంచండి: ఆకు ఎక్కువుంటే అందుకునే వెలుగూ ఎక్కువే. క్రికెట్ ఆడే చోటుకు మట్టినేలే మంచిది.